మాస్క్ పెట్టని కొలత

ఆ ఉత్తరం చదవగానే చిటికెడమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చిటికెడమ్మ అన్న పేరు ల్యాబువాళ్ళు పెట్టింది. వాళ్ళు చేసేది ద్రావణం పూసి ఆరబెట్టే సోలార్ సెల్. అందులో ఒక పదార్థం ఎలక్ట్రాన్‌ను ఇస్తుంది, ఇంకొకటి పుచ్చుకుంటుంది. పుచ్చుకునేదానికి తోడుగా మరొకటి చిటికెడు వేస్తే కరెంటు పెరుగుతుందని మూడేళ్ళుగా ఈవిడది ఒకటే పట్టు. వేసింది. పడిన వెలుతురులో పదిహేను శాతాన్ని కరెంటుగా ఇచ్చే సెల్ పద్దెనిమిది ఇచ్చింది. గైడు ఉబ్బితబ్బిబ్బై పత్రికకు వ్యాసం పంపేశాడు.

ఇప్పుడా పత్రిక తరఫున వ్యాసం పరిశీలిస్తున్న పెద్దమనిషి ఆ ఉత్తరంలో అడుగుతున్నాడు, ఈ పదార్థాలు ఇంత కరెంటు ఇవ్వలేవే, కొలిచేటప్పుడు మాస్క్ పెట్టారా అని. మాస్క్ అంటే సెల్ మీద పెట్టే నల్లటి రేకు. దాని చిన్న కంతలోంచే వెలుతురు పడాలి. అది లేకపోతే పక్కలనుంచి కూడా వెలుతురు దూరి, లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. నిన్నగాక మొన్న చేరినవాళ్ళకు కూడా తెలిసిన సంగతే.

కొలిచేది వదిన, మొగుడి అక్క. పన్నెండేళ్ళుగా ఆ కొలతల గది ఆవిడదే. అలాంటి మనిషినా ఈ ప్రశ్న అడగడం? వదినచేత నాలుగు ముక్కలు గట్టిగా రాయిద్దామని కారాలు మిరియాలు నూరుతూ వెళ్ళింది.

వదిన ఉత్తరం చదివి కుర్చీలో కూలబడింది.

“చిటికెడు వెయ్యని పాతవాటికి పెట్టాను. నీవాటికి పెట్టలేదు” అంది.

చిటికెడమ్మ ఇక ఆగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, పక్కన కూర్చుని అన్నం తింటూ ఇన్ని నెలలు నోరెలా కుట్టేసుకున్నారని దులిపేసింది. వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారీ పెరగకపోతే భార్య చదువు మానేస్తుందని తమ్ముడు చెప్పాడట. మరదలి ఏడుపు చూడలేకపోయిందట.

“జాలిపడ్డారన్నమాట. ఇప్పుడు మాస్క్ పెట్టి నా ఎదురుగా కొలవండి.”

కొత్త సెల్ తీసి, రేకు బిగించి, వదిన దీపం వేసింది. తెర మీద అంకె నిలిచింది. పదహారున్నర. ఇంకో మూడు కొలిచారు. కొంచెం అటూ ఇటూగా అంతే. ఆ చిటికెడు నిజంగానే పనిచేసింది.

“పెరిగిందే” అంది వదిన, తన కళ్ళను తానే నమ్మలేనట్టు.

ఆ ఒక్క మాటకు చిటికెడమ్మ ఒళ్ళు భగ్గున మండింది.

“అంటే ఇన్నాళ్ళలో ఒక్కసారైనా పెట్టి చూడలేదా వదినా?”

చూడలేదు. పెరగదని ఆవిడ ముందే తేల్చేసుకుంది మరి.

“అబద్ధమాడారు, పోనీ. నన్ను చేతకానిదాని కింద జమకట్టేశారు చూడండి, దాన్ని మాత్రం చచ్చినా మరిచిపోను.”

ఆ బల్ల దగ్గరే కూర్చుని జవాబు రాసింది. మాస్క్ పెట్టలేదు, పద్దెనిమిది తప్పు, పదహారున్నర నిజం. ఒకసారి అబద్ధం చెప్పినవాళ్ళ నిజాన్ని ఎవరు నమ్ముతారో ఆమెకు తెలుసు. అయినా పంపేసింది.