పటాసుకు వచ్చిన పిలుపు

ఆ ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గది ఒకటి ఉంది. అక్కడ ఎప్పుడూ ఆవిరే. మనుషులు మబ్బులో తిరిగినట్టు తిరుగుతుంటారు. ముందు గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాతే మనిషి కనిపిస్తుంది. అందరికన్నా ముందు వినిపించే గొంతు పటాసుది.

ఆవిడ అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ముక్కు మీద కోపం, నాలుక చివర జవాబు. ఇస్త్రీ రోలరులోకి దుప్పటి వంకరగా పెట్టారంటే ఒంటికాలి మీద లేచేది. బండ్లు తోసేవాళ్ళతో తగువు, ఇంటి దగ్గర పై వాటాలో ఉన్నవాళ్ళు నీళ్ళు కింద పోస్తే వాళ్ళతో తగువు. ఇంట్లో ఆయన కరెంటు పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. "నీ వాటా మాటలు కూడా నేనే మాట్లాడి చస్తున్నాను" అని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారాలు ఇద్దరూ చర్చికి వెళ్ళేవారు. ఆవిడ చోటు వెనక వరసలో గోడ పక్కన. ప్రసంగం మొదలైన కాసేపటికి కునుకు పట్టేది. అందరూ గొంతెత్తి ప్రార్థిస్తుంటే పెదవులు ఆడించి ఊరుకునేది. తగువులో తడుముకోవడం ఎరగని నోరు దేవుడి ముందుకొచ్చేసరికి పెగిలేది కాదు.

ఒక మధ్యాహ్నం, అన్నాలు తిని అందరూ కాస్త మగతగా ఉన్న వేళ, ఆవిడ రోలరు దగ్గర నిలబడి ఉంది. వేడి దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి తెల్లగా జారి వస్తున్నాయి. పైనున్న చిన్న కిటికీలోంచి వెలుగు పడి ఆవిరంతా పాలలా మారింది. మోటారు చప్పుడు ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయింది. చేతులు వాటంతటవే మడతలు వేస్తున్నాయి.

"చిట్టీ" అని ఎవరో పిలిచారు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఆ పేరుతో పిలిచేది ఒక్క అమ్మమ్మే. అమ్మమ్మ పోయి ఎన్నేళ్ళో. పైగా ఇది అమ్మమ్మ గొంతు కాదు. మగగొంతా, ఆడగొంతా అంటే చెప్పలేం. చాలా దగ్గరగా, చాలా చనువుగా ఉంది.

"చిట్టీ, పైకి వెళ్ళు. నావాళ్ళు ఒంటరిగా ఉన్నారు. పక్కన కూర్చో."

అంతే. మోటారు చప్పుడు మళ్ళీ దగ్గరికొచ్చింది. దుప్పటి ఒకటి నేల మీదకి జారిపోయి ఉంది.

వదినా అని వరస కలిపి పిలుచుకునే తోటి పనామె పక్కనే దిండు గలీబులు మడుస్తోంది. "వదినా, నన్నెవరైనా పిలిచారా?" అని అడిగింది పటాసు.

"నిన్ను పిలిచే ధైర్యం ఇక్కడ ఎవరికుందమ్మా?" అంది వదిన.

పైకి అంటే ఎక్కడికో పటాసుకి ఎవరూ చెప్పక్కర్లేదు. కలలో ఎవరిదో తెలియని ఇల్లు మనదేనని తెలిసినట్టు తెలిసిపోయింది. పై అంతస్తు చివరి వార్డు. అక్కడికి చేరినవాళ్ళకి నొప్పి తెలియకుండా చూడటం తప్ప డాక్టర్లు ఇంకేం చెయ్యలేరు.

ఇక ఆవిడ దేవుడితోనే తగువు పెట్టుకుంది. దుప్పట్లు మడుస్తూ లోలోపలే గొణిగేది. 'నీకు మనుషులే దొరకలేదా తండ్రీ? పాటలు పాడేవాళ్ళున్నారు, మోకాళ్ళు అరిగేదాకా ప్రార్థించేవాళ్ళున్నారు. పోతూ పోతూ వాళ్ళు వినాల్సింది నా నోరా?' చుట్టూ ఆవిరి మెల్లగా కదిలేది. లిఫ్టు పక్కనుంచి వెళ్తే కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. నిద్రలో తెల్లటి వసారాలు కనిపించేవి. వాటిలో తలుపులన్నీ ఓరగా తెరిచి ఉండేవి.

ఆఖరికి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చర్చిలో కుర్చీలు సర్దుతున్నారు. జరిగిందంతా చెప్పి, "ఇది ఉక్కకి కలిగిన భ్రమ అని ఒక్క మాట అనండి. నా దారిన నేను పోతాను" అంది.

"భ్రమ అనిపిస్తోందా మీకు?"

"అనిపిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తాను?"

పాస్టరుగారికి నవ్వొచ్చింది. "సరేనమ్మా. మీరు వెళ్ళలేరని దేవుడికి నేనే మనవి చేస్తాను. మీ బదులు ఎవరిని పంపమంటారో మీరే చెప్పండి."

పటాసు ఆలోచించింది. ఒకావిడ మంచిదే కానీ రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకాయనకి బైబిలు వాక్యమంతా కంఠతా వచ్చు కానీ ఎదుటివాళ్ళని మాట్లాడనివ్వడు. ఇంకొకావిడ రోగి కన్నా ముందు తానే ఏడుస్తుంది. అలా ఒక్కొక్కరినీ కాదనుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగల్లేదు.

"నాకు ప్రార్థన చెయ్యడం కూడా రాదండీ" అంది. ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"పిలిచినాయనకి మీ సంగతి తెలియదంటారా?" అన్నారు పాస్టరుగారు. కుర్చీ ఒకటి లాగి ఆవిడ ముందు వేశారు. "ఆయన మిమ్మల్ని మాట్లాడమన్నారా, కూర్చోమన్నారా?"

మర్నాడు పని అయిపోయాక, ఉతికిన దుప్పటి ఒకటి చేతిలో సాకుగా పట్టుకుని లిఫ్టు ఎక్కింది. పైన తలుపు తెరుచుకోగానే చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దం. పొడుగాటి వసారా. కిటికీలకి లేత తెరలు. సాయంత్రపు ఎండ నేల మీద నీళ్ళలా పరుచుకుని ఉంది. నడుస్తుంటే ఆ వెలుగులో తన అడుగులు తనకే వినిపించలేదు.

మొదటి గదిలో మంచం మీద ఒక ముసలి తాపీ మేస్త్రీ. చేతులు మాత్రం ఇంకా పెద్దవి, మిగతా మనిషంతా కరిగిపోయాడు. ఆవిడని చూసి కళ్ళు చిట్లించాడు.

"ప్రార్థనలవాళ్ళా? ఒకళ్ళని పంపేశాను. నువ్వూ మొదలెట్టావంటే ఈ గ్లాసు విసిరేస్తా."

పటాసుకి నేర్చుకొచ్చిన మెత్తటి మాటలన్నీ ఎగిరిపోయాయి. "విసురు. నీళ్ళు నీ దుప్పటి మీదే పడతాయి. మళ్ళీ ఉతికి చచ్చేది నేనే."

మేస్త్రీ ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు. దగ్గు వచ్చినా నవ్వు ఆపలేదు. "కూర్చో అమ్మాయ్. ఇక్కడికొచ్చాక నాతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేనప్పుడే పోయినట్టు గుసగుసలాడుతున్నారు."

ఆవిడ కూర్చుంది. ఆ సాయంత్రం ఉప్పు లేని గంజి గురించి వాదించుకున్నారు. తర్వాతి సాయంత్రాలూ వెళ్ళింది. ఎన్ని రోజులో ఆవిడ లెక్కపెట్టుకోలేదు. ఆ గదిలో కాలం కూడా మంచం పట్టినట్టుండేది. ఎండ గోడెక్కేది, కరిగేది. ఆయన నిద్రపోతే ఊరికే కూర్చునేది. జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా ఉండటం బాగుందనిపించింది.

ఒకరోజు ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి. చెయ్యి చాపితే పట్టుకుంది.

"అన్నీ వేరేవాళ్ళ ఇళ్ళే కట్టాను" అన్నాడు. "అక్కడికి వెళ్తే గుమ్మంలోనే నిలబెట్టేస్తారేమో అమ్మాయ్. భయంగా ఉంది. ఇప్పుడు చెయ్యి, నీ ప్రార్థన."

పటాసు తడుముకుంది. చర్చిలో విన్న పెద్ద పెద్ద మాటల కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. కళ్ళు మూసుకుంది. కనురెప్పల వెనక ఆ తెల్లటి వెలుగే.

"తండ్రీ" అంది. ఆయన ఆవిడ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "ఈయన భయపడుతున్నాడు. నాకూ భయంగానే ఉంది. యేసయ్యా, గుమ్మం దాకా నువ్వే ఎదురు రా. ఈయనకి అక్కడ ఎవరూ తెలియదు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళు. ఇంకేం అడగాలో నాకు తెలియదు. ఆమేన్."

కళ్ళు తెరిచేసరికి మేస్త్రీ చెంపలు తడిసి ఉన్నాయి. "చాలు" అన్నాడు. "నాకు అర్థమయ్యే మాటల్లో అడిగావు." కాసేపటికి చేతి పట్టు సడలి, ఆయనకి నిద్రపట్టింది.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. పరుపు మీద కొత్త దుప్పటి బిగించి ఉంది. తెల్లారేటప్పుడు, నిద్రలోనే పోయాడని నర్సు చెప్పింది.

పటాసు వసారాలోకొచ్చి కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. 'నేను లేనప్పుడే తీసుకెళ్ళాలా?' అని పళ్ళ బిగువున అడిగింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉంటే, కోపం ఎక్కడో సన్నగిల్లి, ఎవరో పక్కకొచ్చి నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. చూడక్కర్లేదనిపించింది. ఇంటికి పోదామని లిఫ్టు వైపు నడిచింది.

"అమ్మా, ఆ గట్టిగా మాట్లాడే ఆవిడవి నువ్వేనా?"

పక్క గది ఓర తలుపులోంచి ఒక ముసలావిడ గొంతు. చూపు మసకబారిన కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"నేనే పిన్నిగారూ."

"నాకేం కనపడదు. బయట ఎలా ఉందో చెబుతావా?"

పటాసు మొహం పమిటచెంగుతో తుడుచుకుంది. ఏం చెప్పాలో ఇంకా తెలియదు. అయినా లోపలికి వెళ్ళి కిటికీ తెర పక్కకి లాగింది. ముసలావిడ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని మెల్లగా మొదలుపెట్టింది. "మబ్బు పట్టింది పిన్నిగారూ. రోడ్డవతల ఒకావిడ మేడ మీద బట్టలు తియ్యడానికి పరుగెడుతోంది. చినుకులు ఇంకా పడలేదు..."