ఆయాసానికి హిందీ మాట

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. భిలాయి నెహ్రూ నగర్‌లో కంటి డాక్టరు గది. హాజరైనవారు డాక్టరు, నూకమ్మ, ఆమె మాటలను హిందీలో చెప్పే కొడుకు మనోజ్‌కుమార్.

కంటి లోపలి ఒత్తిడి తగ్గడానికి పోయిన నెల ఈ డాక్టరే రాసిచ్చిన టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి పనికిరావు. వాటివల్ల ఊపిరాడక నూకమ్మ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి వచ్చింది.

“ఉబ్బసం ఉందా అని అప్పుడే అడిగాను, మీరు చెప్పలేదు,” అన్నాడు డాక్టరు హిందీలో. మనోజ్ ఆ మాట తల్లికి చెప్పాడు.

“ఆయాసమొస్తాదని సెప్పినాను గదరా! నువ్వేటి సెప్పినావు?”

“థక్ జాతీ హై, అలిసిపోతుంది అన్నానమ్మా. ఆయాసమంటే థకానే కదా!”

“అలుపుకీ ఆయాసానికీ తేడా తెలీదేట్రా? హిందీ బడికి పంపి మురిసిపోనాను, సచ్చినోడా.”

డాక్టరు చుక్కల మందు మార్చాడు. రోగి ఉబ్బసం సంగతి దాచిపెట్టిందని హిందీలో రెండు ప్రతులు రాసి, సంతకం చేస్తేనే ఇక్కడ వైద్యమన్నాడు.

“ఏటి రాసినాడ్రా?”

“జాగ్రత్తగా ఉండమన్నాడమ్మా.”

ఈసారి మనోజ్‌కి ప్రతి మాటకూ అర్థం తెలుసు. తల్లి తరఫున రెండింటిమీదా సంతకం చేసి, ఒకటి డాక్టరుకిచ్చి, తమ ప్రతిని చిన్నగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.