మా ఆవిడ ఎడమ చెంప

నేను వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తా. అబద్ధమాడితే నా సుత్తి నా వేలి మీదే పడుతుంది, అందుకని ఉన్నదున్నట్టు చెబుతున్నా. పెళ్ళయి పదకొండేళ్ళు, మా ఆవిడ ఎడమ చెంప నేను చూసెరగను.

నవ్వుతారేంటి? మీకు రెండు చెంపలూ చూపించే పెళ్ళాం దొరికింది, మీ అదృష్టం.

ఆమెని మొదట చూసింది కిటికీలో. వాళ్ళింటి కిటికీ రెక్క ఊడిందంటే బిగించడానికెళ్ళా. పక్కకి తిరిగి కూర్చునుంది, కుడి చెంప నా వైపు. ఆ చెంప చూడాలండీ, అప్పుడే గాలి కొట్టిన బెలూన్లా నిగనిగలాడుతోంది. అక్కడికక్కడే పడిపోయా, నిచ్చెన మీంచి. మిగతా సగం పెళ్ళయ్యాక తీరిగ్గా చూద్దాంలే అనుకున్నా. చెక్క కొనేటప్పుడు నాలుగు పక్కలా తిప్పి, తట్టి, వాసన చూసి మరీ కొనేవాణ్ణి, పెళ్ళి దగ్గర మాత్రం బుద్ధి గడ్డి తిన్నది. మా పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ మా ఆవిడ నాణెం మీద రాణిగారిలా ఒకే పక్క ఉంటుంది.

దీనికంతటికీ మూలం మా అత్త. మా మేడ మీద గదిలోనే ఉంటుంది, బొమ్మలు గీస్తుంది. రోజూ పేపర్లో మూడు గళ్ళలో వస్తుందే 'బుంగమూతి', పిల్లలు దాని కోసం పేపరు చింపుకుంటారే, అది ఆవిడదే. అయిదేళ్ళ పాప ఒకతి చెంప పొంగించుకుని ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ పోతుంటుంది. మూడో గడిలో కింద మూలన నల్లగా ఏదో రాసుంటుంది. నాకు అక్షరం ముక్క రాదు. అది అత్త సంతకం అనుకునేవాణ్ణి.

ఆ పాప మా ఆవిడే. ముప్పై ఒక్కేళ్ళ కిందట కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి గీసిందట. ఆ రోజు నుంచీ కూతురు ఎడమ పక్క గోడ ఉంటే తప్ప అడుగెయ్యదు. "ఏం తప్పు చేశానో తెలీదు అల్లుడూ," అనేది అత్త. "కన్నతల్లిని, నాకూ సగం మొహమే. సరేగానీ ఇంకు నిండుకుంది, బజారెళ్తే తెచ్చిపెట్టు."

మా వంటింట్లోంచి ముందుగదికి నాలుగడుగులు. మా ఆవిడ వంటింటి గోడ, పెరటి గోడ, పక్కింటోళ్ళ గోడ రాసుకుంటూ చుట్టూ తిరిగి వీధి తలుపులోంచి వచ్చేది. నా చేతికొచ్చేసరికి టీ చల్లారి, ఈగ పడి, ఆ ఈగ ఈత కూడా నేర్చుకునేది. చూడలేక, గోడ తెగిన చోటల్లా ఆనుకోడానికని అడ్డదిడ్డంగా ఏడు తలుపులు పెట్టా. మరి రోడ్డు దాటాలంటే గోడ ఎక్కణ్ణుంచి తెస్తాం? ప్లైవుడ్డుతో ఓ చేతితలుపు చేసిచ్చా. తలంత వెడల్పు, కింద పిడి, ముందు చిన్న గడియ. ఎడమ చెంపకి ఆనించుకుని బజారెళ్ళేది. తెలిసినవాళ్ళు ఎదురైతే ఆ తలుపు టకటకా కొట్టి, "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించేవాళ్ళు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. బీరువాకి నిలువుటద్దం బిగిస్తే దాని మీద తువ్వాలు కప్పింది. గోడకి బెజ్జం పెట్టి అవతలి నుంచి చూశా. చెంప తెచ్చి సరిగ్గా బెజ్జానికే ఆనించింది, చీకటి తప్ప ఏం కనపడలేదు.

"ఏమే, ఒక్కసారి ఇటు తిరగవే."

"ఇంకా అవలేదు."

"ఏంటీ, అలకా?"

"ఇంకా అవలేదన్నానుగా. నీ పని నువ్వు చూసుకో."

చచ్చేలోపు ఆ చెంప చూస్తానో లేదోనని నాకు బెంగ పట్టుకుంది. అన్నం సయించేది కాదు. ఆరేడు ముద్దల కన్నా... సరే, పది ముద్దలు.

అట్లాంటి టైములో టీవీ వాళ్ళు దిగారు. వాళ్ళ పెద్దాయన నోరు తెరిస్తే "అర్జెంటు". అందుకని మేం ఆయన్ని అర్జెంటుగారూ అనే పిలిచేవాళ్ళం.

"అమ్మగారూ, అర్జెంటు! మీ బుంగమూతిని టీవీలో నడిపిస్తాం. అరగంట స్పెషల్, ఆదివారం పొద్దున. పాప ఇంటి దగ్గర బయలుదేరుతుంది, బడికెళ్తుంది, ఇంటికొస్తుంది. అంతే."

అత్త మురిసిపోయింది. నలభైమంది బల్లల ముందు కూర్చుని గీశారు. ఒక్క అడుగుకి పన్నెండు బొమ్మలంట. బుంగమూతి బడి దాకా చక్కగా నడిచింది. అక్కడ ఆగిపోయింది పని. అర్జెంటుగారు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఇంటికి రావాలంటే వెనక్కి తిరగాలి కదమ్మా! తిరిగితే ఎడమ చెంప కనపడుతుంది. అదెలా ఉంటుంది?"

"నాకేం తెలుసు నాయనా?"

"గీసేది మీరు!"

"కన్నది కూడా నేనే. ఏం లాభం?"

"పోనీ కుడి చెంపనే తిప్పి పెడితే?"

గోడ పక్కనుంచి మా ఆవిడ కసిరింది. "నీ కుడి కాలి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటావా? పెద్ద చెప్పొచ్చావు!"

ఇక చేసేదేముంది, పాపని తిప్పకుండా ముందుకే నడిపించారు. బడి దాటి, కొండ దాటి, గొడుగులో కూర్చుని సముద్రం దాటి, మంచు మీద జారి, భూమి మొత్తం చుట్టి పెరటి గుమ్మం దగ్గరికొచ్చింది. అరగంట నిండిపోయింది. కింద మూలన అత్త సంతకం పడింది. పిల్లలకి పిచ్చెక్కిపోయింది.

సోమవారం బడికెళ్ళిన పిల్లలు ఇంటికి రాలేదు.

రాలేదంటే వచ్చారు, కానీ ఆగలేదు. ఎడమ చెంపలు గోడలకి ఆనించుకుని ఇల్లు దాటి నడుచుకుంటూ పోతున్నారు. రోడ్లు దాటడానికి చేతితలుపులు కావాలని నా కొట్టు ముందు వరస కట్టారు. మూడు రోజుల్లో ఆరొందల తలుపులు చేశా. నా రంపానికి పళ్ళూడి, మెత్తటి చెక్కలే పెట్టమని అడిగింది. పక్కింటి అక్క గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడి, తన కవల పిల్లలు ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా చెరో ముద్ద నోట్లో పెట్టేది.

"ఒరేయ్, ఇంట్లోకి రండ్రా!"

"ఇంకా ఉందమ్మా!" అనేవాళ్ళు, ముద్ద నములుతూనే.

గురువారానికి అర్జెంటుగారు మైకు పట్టుకుని మా వంటింట్లో ఊడిపడ్డాడు. ఆయన వెనకాలే మా వీధి తల్లులందరూ. "ఇదంతా మీ 'ఇంకా ఉంది' వల్లేనమ్మా!"

"ఆ 'ఇంకా ఉంది' ఏంటండీ?" అన్నా.

"కింద మూలన రాసుంటుంది కదయ్యా రోజూ!"

నా నోరు తెరుచుకుంది. పదకొండేళ్ళుగా మా అత్త పేరు "ఇంకా ఉంది" అనుకుంటున్నానన్నమాట.

"పిల్లలు మీ మాటే వింటారు," అన్నాడు. "ఈ మైకులో చెబితే అన్ని టీవీల్లోనూ, వీధిలో మైకుల్లోనూ వినపడుతుంది. 'అయిపోయింది' అనండి చాలు. అర్జెంటు!"

అత్త రెండు చెవులూ మూసుకుంది. "ఆ మాట నా దగ్గర అనకు నాయనా!"

మా అత్తకి ఆ మాట పడదు. ఉప్పయినా, నూనయినా చాలామంది పెద్దవాళ్ళు "నిండుకుంది" అనే అంటారనుకోండి. మా అత్తకి అన్నీ నిండుకుంటాయి. సబ్బు నిండుకుంటుంది, వాన నిండుకుంటుంది. మా పెళ్ళినాడు కూడా, "పెళ్ళి నిండుకుంది, భోజనాలకి లేవండి" అంది. ఆ ఇంకో మాట అంటే తన బొమ్మలకథ ఆగిపోతుందని భయం.

"పోనీ నిండుకుందనే చెప్పండి," అన్నాడు అర్జెంటుగారు.

అత్త మైకులో, "పిల్లలూ, బుంగమూతి నిండుకుంది," అంది. వీధిలో పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "అంటే ఫుల్లుగా ఉందట్రా!" అని ఇంకాస్త జోరుగా నడిచారు.

తల్లులు గొల్లుమన్నారు. అత్త మాత్రం పెన్సిలు గుండెకి హత్తుకుని కదలదు. సరిగ్గా అప్పుడే వంటింటి కిటికీ బయట ఒక చిన్నది కనపడింది. అయిదేళ్ళుంటాయి. నా చేతితలుపు బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి, కళ్ళు మూతలు పడుతున్నా నడుస్తోంది. గోడకి రాసుకుని చెంప ఎర్రగా కమిలింది.

"ఎంతసేపే తల్లీ ఇలా?" అంది అత్త.

"ఇంకా ఉంది మామ్మా," అని ఆవలించింది.

అత్త ఆ పిల్లని చూసింది, గోడకానుకున్న తన కూతుర్ని చూసింది. పెన్సిలు బల్ల మీద పెట్టింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"అ... అయి..." దగ్గొచ్చింది. మంచినీళ్ళిచ్చా. "అయిపో..." కళ్ళు గట్టిగా మూసుకుంది. "అయిపోయింది!"

వీధి వీధంతా ఒక్కసారిగా "హమ్మయ్య!" అంది. ఆరొందల చేతితలుపులు దబదబా కింద పడ్డాయి. పిల్లలు వెనక్కి తిరిగి ఇళ్ళలోకి పరిగెత్తారు.

మా వెనకనుంచి, కాస్త ఆలస్యంగా, ఇంకో "హమ్మయ్య" వినపడింది. చూస్తే మా ఆవిడ. గోడ వదిలేసి, మెడ పటపటా విరుచుకుని, మా వైపు తిరిగింది.

"చెప్పడానికి ముప్పై ఒక్కేళ్ళు పట్టిందామ్మా నీకు?"

"ఏం చెప్పడానికే?"

"'అయిపోయిందని నేను చెప్పేదాకా తల తిప్పకు' అన్లేదూ? పేపరాయనొచ్చి బొమ్మ పట్టుకెళ్ళాడు, నువ్వు ఆయన వెనకాలే పోయావు. మళ్ళీ చెప్పావా? ఎప్పుడడిగినా ఇంకా అవలేదని మొత్తుకుంటూనే ఉన్నాగా!"

"మరి అలక?"

"నేనెప్పుడలిగాను?"

"ఆ బుంగ?"

"అది నా చెంప! పుట్టుకతో అంతే!"

నేనిదేమీ వినడం లేదు. చూస్తున్నా. చెంపే. కుడిదానికి చెల్లెల్లా ఉంది, కాస్త తెల్లగా, ఇంటి గోడల సున్నమంతా పూసుకుని, మధ్యలో నా ప్లైవుడ్డు అంచు గీత. పంచె చెంగుతో మెల్లిగా తుడిచా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ రెండు కళ్ళతో నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, ఇంత వెడల్పా నువ్వు? ఇన్నాళ్ళూ సగమే కనపడేవాడివి."

తర్వాత తల్లి వైపు చూసింది. అప్పుడు మొదలైందండీ, ఆవిడ జన్మలో మొట్టమొదటి అలక. "నాతో మాట్లాడకు!" అని అటు తిరిగి కుర్చీలో కూలబడింది. ఎడమ చెంప మా వైపు. అది ఉబ్బింది చూడండి, కుడిది దాని ముందు దిగదుడుపే.

అత్త చెయ్యి దానంతటదే పెన్సిలు మీదికెళ్ళింది.

"అబ్బ! అచ్చం అలాగే ఉండు తల్లీ, కదలకు, నేను అయి..."

ఒక్క గెంతులో వెళ్ళి అత్త నోరు మూసేశా. ఆ కంగారులో ఆవిడ పెన్సిలు నా అరచేతిలో దిగింది. మచ్చ ఇంకా ఉంది, ఇదిగో, కావాలంటే చూసుకోండి.