జమ్ములగరువు మన్ను

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకి ఆ అరబ్బు ఊళ్ళో, హూరా పేటలో కొట్లన్నీ మూసేస్తారు. ఇంటిపని చేసే లోవమ్మకి మేడం రెండు గంటలు సెలవిచ్చేది కూడా అప్పుడే. ఆ వేళ ఆమె బిల్డింగు మెట్ల దగ్గర కూర్చుని సోమరాజు కోసం ఎదురుచూస్తోంది. సోమరాజు ఆమె ఊరివాడే, వరసకి మరిది. అస్కర్‌లో కూలీల క్యాంపులో ఉండి తాపీ పని చేస్తాడు. నెల సెలవు మీద ఊరెళ్ళి మొన్ననే తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు లోవమ్మ అతన్ని అడిగింది ఒక్కటే, తన చేలో మన్ను గుప్పెడు తెచ్చిపెట్టమని.

ఇరవై రోజుల్లో ఆమె వీసా అయిపోతుంది. ఉంటావా, పోతావా అని మేడం అడుగుతోంది. ఈ సాయంత్రంలోగా చెప్పాలి. మన్నులో ఉప్పు దిగిపోయి ఉంటే లోవమ్మ వెళ్ళిపోయి తన ఎకరన్నరలో వరి ఊడ్చుకుంటుంది. లేకపోతే అక్కడ ఆమెకి పని లేదు.

జమ్ములగరువు ఇరవై గడపల ఊరు. లోవమ్మ మామగారి తండ్రి నాటికి అదంతా జమ్ముగడ్డి తప్ప ఏదీ మొలవని ఉప్పు పర్ర. ఆ కాలపు వాళ్ళు జమ్ము కోసి, గట్లు వేసి, కాలవ నీళ్ళు నిలగట్టి వదిలి, మళ్ళీ నిలగట్టి, ఏటికేడాది ఉప్పు కడిగారు. పదకొండో ఏట గాని వరి గింజ పట్టలేదట. ఆ తరవాత ఊరంతా ఆ చేల మీదే బతికింది.

తొంభై రెండులో టౌను నుంచి రొయ్యల చెరువుల వాళ్ళొచ్చారు. చేలు ఇచ్చేది లేదని ఊరంతా అంది. లోవమ్మ మొగుడు పోయి అప్పటికి ఏడాది. ఆమె చేను కాలవ తూము పక్కన ఉండేది. ఆమె లీజుకిచ్చింది. రొయ్యల కోసం పెట్టిన ఉప్పునీళ్ళు ఊళ్ళోకి ఆ చేలోంచే వచ్చాయి. పక్క చేలల్లో నారు కొసలు ఎర్రబడితే వాళ్ళూ ఇవ్వక తప్పలేదు. మూడో ఏడు రొయ్యలకి తెగులు తగిలి వారంలో అన్నీ చచ్చి తేలాయి. టౌను వాళ్ళు మోటార్లు విప్పుకుని పోయారు. మంచినీళ్ళ బావి కూడా ఉప్పెక్కాక జనం తలోదారి పట్టారు. ఇప్పటికి నాలుగు వానాకాలాలు గడిచాయి. నాలుగు వానలకి ఎంతో కొంత కడిగి ఉండాలని లోవమ్మ ఆశ.

సోమరాజు వచ్చి మెట్టు మీద కూలబడి ప్లాస్టిక్ కవరు చేతికిచ్చాడు.

“ఎయిర్‌పోర్టులో ఆపేసేరొదినా. ఇదేంటంటే మందన్నాను. ఈ మందు తింటే చస్తావు భాయ్ అన్నాడు అక్కడి పోలీసు.”

“మందు ఎవరికో చెప్పలేదా?”

“మా ఒదినకన్నాను. జాలిపడి ఒదిలేసేడు.”

లోవమ్మ నవ్వి, చిటికెడు మన్ను నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని రుచి చూసింది. ఉప్పు తగల్లేదు.

“దిగిపోయింది సోమరాజూ. చప్పగా ఉంది.”

“ఆయ్,” అన్నాడతను చెప్పుల వైపు చూస్తూ.

ఆమె సీసాలో నీళ్ళు పోసి మన్ను ముద్ద చేసింది. ఆమె చేలో మన్ను తడిస్తే అరచేతికి జిగటగా పట్టేది, గీకితేగాని పోయేది కాదు. ఈ ముద్ద వేళ్ళ మధ్యే విడిపోయింది. లోపల ఇసక, కొబ్బరి పీచు.

“ఇదెక్కడి మన్ను?”

“మనూరిదే.”

“ఇరవయ్యేళ్ళు ఊడ్చేన్రా ఆ చేలో. చెప్పు.”

“మా అత్తారి కొబ్బరితోటది.” అతను తల వంచుకున్నాడు. “నీ చేనుకి ఎల్లేనొదినా. ఎల్లేను గానీ ఏది నీదో తెలీలేదు. చెరువులు కలిపినప్పుడు గట్లు తీసేసేరు కదా. తూమూ లేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా తెల్లగా పేరుకుపోయుంది. మా చేనే పోల్చుకోలేకపోయేను.”

“ఆ తెల్లదే తేవలసింది.”

“తెద్దామనే వంగేను. నీ చేతిలో ఎలా పెట్టను?”

“ఇళ్ళు?”

“సాయికుమారోళ్ళది ఒక్కటే ఉంది. సైకిలు మీద మంచినీళ్ళు మొయ్యలేక వాళ్ళూ రోడ్డు పక్కకి పోతారంట.”

లోవమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

“నా పేరెవరన్నా ఎత్తేరా?”

“లేదొదినా,” అన్నాడు సోమరాజు వెంటనే.

క్యాంపు బస్సు వేళయిందని అతను లేచాడు.

పైకి వెళ్ళాక లోవమ్మ ఇంకో రెండేళ్ళు ఉంటానని మేడంతో చెప్పింది. మేడం సంతోషించి, కాయితాలు బల్ల మీద పరిచి, వచ్చీరాని హిందీలో అడిగింది, ఇండియాలో అడ్రసు పాతదేనా అని.

“పాతదే,” అంది లోవమ్మ.