మోగేవాటి డబ్బా

చింతపండు పెట్టుకోవడానికి డబ్బా లేదని నూకాలమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న డాల్డా డబ్బాలన్నీ కొడుకు బలరాం పాత టెలిఫోన్ల విడిభాగాలతో నింపేశాడు.

"ఒరే, కొంపలో డబ్బా అన్నది నేకుండా సేసీసినావు. ఆ ఇనప ముక్కల్ని ఉప్పూకారం ఏసి ఊరెట్టమంటావేటి?"

"ముట్టుకోకే అమ్మా. అన్నీ ఏరి పెట్టుకున్నాను."

"ఆటితో ఎవులికి ఫోను సేస్తావురా?"

బలరాం సైకిలెక్కి డ్యూటీకి పోయాడు. రష్యా సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటులో, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫోన్లు బాగుచేసే పని అతనిది. సైకిలు మలుపు తిరిగిందో లేదో, నూకాలమ్మ ఒక డబ్బాని వసారాలో బోర్లించేసి కడగడానికి పట్టుకుపోయింది.

బలరాం భార్య సూర్యావతి అత్తగారిని ఏమీ అనలేదు. ఈ మధ్య ఎవరినీ ఏమీ అనడం లేదు. వానాకాలంలో జ్వరం వచ్చి వాళ్ళ పాప పోయింది. పాపకి ఏడాదైనా నిండలేదు. ఆ వారమే బలరాం సుపేలా బజారులో పాత సామాన్లు అమ్మే కబాడీ దుకాణం నుంచి విరిగిన ఫోనొకటి తెచ్చి, వసారాలో పేపరు పరిచి విప్పుకుంటూ కూర్చున్నాడు. ఏడవలేదు. పాప ఊసెత్తలేదు. ఆదివారం సూర్యావతిని విజయనగరం పుట్టింటికి తీసుకెళ్ళడానికి ఆమె అన్నయ్య వస్తున్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని బలరాం అడగలేదు. ఇక రానని ఆమె కూడా చెప్పలేదు. పెట్టె మాత్రం సర్దేసుకుంది.

అయినా వస్తువులు చిందరవందరగా పడుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు. చేట తెచ్చుకుని కూర్చుంది. బలరాం పద్ధతి ఆమెకు తెలుసు. ఫోను ఏ దేశానిదైనా దాని ముక్కలు అతనికి మూడే రకాలు. అంకెల పక్కన రష్యా అక్షరాలున్న డయలు, దాని వెనక స్ప్రింగు, ఇవన్నీ తిరిగేవి. చెవి దగ్గరా నోటి దగ్గరా ఉండే బిళ్ళలు పలికేవి. ఇప్పుడు నేలమీద పడ్డవి మోగేవి: గంట గిన్నెలు, వాటి మధ్య కొట్టుకునే చిన్న సుత్తులు.

రష్యా గిన్నెలు బరువు, మనవి పల్చన. జతకి జత కలుపుతూ పోయింది. చివరికి చేటలో ఒకటి మిగిలింది. ఏ ఫోనుకీ చెందనిది. శనగగింజంత వెండి మువ్వ.

పాప కాలి పట్టీది. ఆసుపత్రి హడావిడిలో ఎక్కడో రాలిపోయిందనుకుని ఇల్లంతా వెతికింది తను. అతనికెప్పుడు దొరికిందో! మిగతావాటిలాగే తుడిచి, ఏ డబ్బాలో ఉండాలో ఆ డబ్బాలో పెట్టుకున్నాడు.

సూర్యావతి మువ్వని ఆడించింది. మోగింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. వంటింట్లో బోర్లించి ఉన్న డబ్బా తెచ్చి, తడి లేకుండా తుడిచి, ముందు మువ్వని వేసి, పైన మిగతావన్నీ సర్దింది.

రాత్రి భోజనాల దగ్గర నూకాలమ్మ మళ్ళీ ఎత్తుకుంది.

"నాను కడిగిన డబ్బా నీ పెళ్ళామే అట్టుకుపోనాది. ఎల్లిపోయే మడిసికి డబ్బా ఎందుకో!"

బలరాం తలెత్తి భార్య వైపు చూశాడు.

"మీకు సుపేలాలో కొత్త డబ్బా కొంటాను, అత్తయ్యా. ఆ మోగేవాటి డబ్బా జోలికి మాత్రం వెళ్ళకండి," అంది సూర్యావతి, అతని కంచంలో అన్నం వడ్డిస్తూ. "ఆదివారం అన్నయ్యకి భోజనం పెట్టి పంపేస్తాను. నేను వెళ్ళడం లేదు."