ఎవరూ పిలవని మూడు నిమిషాలు

“అమ్మది నేనే రాసేశాను నాన్నా, అడగక్కర్లేదు” అంది కూతురు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

తల్లి అదే గదిలో గోడవారగా నిలబడి ఇస్త్రీ చేస్తోంది. వారానికి సరిపడా భర్త చొక్కాలు, కూతురి బడి బట్టలు, అత్తగారి చీరలు. తనవెప్పుడూ కుప్పలో అట్టడుగున ఉంటాయి. అక్కడిదాకా చెయ్యి వెళ్ళేలోపు ఎవరో ఒకరు పిలుస్తారు.

“ఏం రాశావే?”

“‘అమ్మకి కూడా నాన్న సినిమాయే ఇష్టం, ఎందుకంటే అది నాన్నకి ఇష్టం కాబట్టి.’ బాగుందా?”

భర్త పకపకా నవ్వాడు. “శభాష్ పిట్టా! పదహారేళ్ళ కాపురాన్ని ఒక్క ముక్కలో తేల్చేశావ్.”

తొమ్మిదో తరగతి చదువుతున్నా ఇంట్లో అందరికీ ఆ పిల్ల పిట్టే. ఇంట్లో ఒక్కొక్కరికీ జీవితం మొత్తం మీద నచ్చిన సినిమా ఏదో, అది మనసుకి ఎందుకు పట్టిందో రాసుకు రమ్మని టీచరు చెప్పిందట. నాన్నమ్మది ముందే అయిపోయింది. చిన్నప్పుడు వాళ్ళక్కతో కలిసి చూసిన ఏడుపు సినిమా అది. “రెండో పాటలో మా అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చిందే. రాయిలాంటి మనిషి. అది ఏడవగా చూసింది ఆ ఒక్కసారే” అని సోఫాలోంచే చెబుతూ ఆవిడ కళ్ళొత్తుకుంది. “రెండో పాట కాదమ్మా, మూడోది” అని కొడుకు సరిదిద్దాడు. ఆయన లెక్కల మాస్టారు. సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఎర్రసిరా కలం పట్టుకున్నట్టే వింటాడు. ఆయనకి నచ్చింది ఓ ఓడ కెప్టెను కథ. పద్దెనిమిదిసార్లు చూశాడు. ఓడ మునిగిపోతున్నా చుక్కాని వదలని ఆ కెప్టెను గురించి రెండు పేజీలు చెప్పాడు, పిట్ట చెయ్యి నొప్పెడుతోందని మొత్తుకునేదాకా.

“అయినా అమ్మకి సినిమాలు పడవు కదే. పావుగంట కూర్చుందంటే గొప్ప. పాలు పొంగుతాయనో, బట్టలు తడుస్తాయనో లేచిపోతుంది” అన్నాడాయన.

పడకపోవడమేముంది. పొంగే పాలకీ, తడిసే బట్టలకీ ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. అలా సగాలూ పావులూ చూసీ చూసీ, ఆ కథలు ఆఖరికి ఏమయ్యాయో పొయ్యి దగ్గర నిలబడి ఊహించుకోవడం ఆమెకి అలవాటైపోయింది. ఆరేళ్ళుగా ఆ పావుగంటా కూర్చోవడం లేదు.

“అమ్మా, నిజం చెప్పు. నువ్వసలు ఒక్క సినిమా అయినా మొదట్నించి చివరిదాకా చూశావా?”

“చూశాను. ఒకటి.”

నోరు జారింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టయింది. కరెంటు తీసేసి ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది, ఎక్కడ చొక్కా కాలుతుందోనని.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఆవగింజంత మరలు పెదాల మధ్య పట్టుకుని రోజంతా వంగి కూర్చుంటుంది. ఆరేళ్ళ కిందట ఓ రోజు అరగదీసే యంత్రం పాడై, మధ్యాహ్నానికే దుకాణం మూసేశారు. యజమాని “పండగ చేసుకోండి” అన్నాడు. ఇంటికి పోతే ఉతకాల్సిన దుప్పట్లు ఎదురుచూస్తున్నాయి. జలుబని సెలవు పెట్టిన భర్త ఇంట్లోనే ఉన్నాడు, అత్తగారికి తోడున్నట్టే కదా అనుకుంది. నాలుగడుగుల అవతల సినిమాహాలు. ఏం సినిమా అని కూడా చూడకుండా టికెట్టు కొని, ఫోను మోగకుండా పెట్టి, చీకట్లో కూర్చుంది.

బస్సు నడిపే ఒకావిడ కథ అది. నడివయసు, నెరిసిన జుట్టు. పెద్దగా ఏమీ జరగదు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. ఒకచోట, ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక ఆవిడ తన సీటు వదిలి, బస్సులో అన్నిటికన్నా వెనకసీట్లోకి వెళ్ళి, కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని, డబ్బా విప్పుకుని తింటుంది. ముద్ద ముద్దకీ ఆగి బయటికి చూస్తూ తింటుంది. మూడు నిమిషాలుంటుందేమో. ఆ మూడు నిమిషాల్లో ఆవిడని ఎవరూ పిలవరు. ఇప్పుడు పిలుస్తారు, ఇదిగో పిలిచేస్తారు అని కుర్చీ చెయ్యి బిగపట్టుకుని కూర్చుంది తను. పిలవలేదు. డబ్బా మూత పెట్టేదాకా పిలవలేదు. ఎందుకో తెలియదు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ హాల్లో ఎవరూ ఆమెని ఏమిటని కూడా అడగలేదు. అదెంత హాయిగా అనిపించిందో.

బయటికొచ్చి ఫోను చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. స్నానాలగదిలో అత్తగారు జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. గంటసేపు తడినేల మీదే పడి ఉన్నారు.

“ఎంత పనైతే మాత్రం ఫోనన్నా తియ్యకూడదా వదినా? మా అమ్మ ప్రాణం పోయుంటే?” అంది ఆడపడుచు ఆసుపత్రి వరండాలో. తేలుకుట్టిన దొంగలా నిలబడి, దుకాణంలో సరుకు సరిచూస్తున్నాం, వినపడలేదు అంది తను. భర్తని మాత్రం అందరూ మెచ్చుకున్నారు. సినిమా అయ్యాక మంచినీళ్ళకని లేచి చూశాడట, అంత బరువు మనిషిని ఒక్కడే చేతులమీద ఎత్తుకొచ్చాడట. “ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని చూస్తున్నా, ఏమీ వినపడలేదు” అని ఆయనంటే, పాపం, ఎలా వినపడుతుంది అన్నారు.

ఆ రోజునించీ ఆ తప్పు బాకీలా తీరుస్తూనే ఉంది. రోజూ ఆ కాలికి నూనె రాస్తుంది. ఆవిడ పిలుపు సగంలో ఉండగానే గుమ్మంలో ఉంటుంది. కొత్తగా తెరిచే దుకాణం చూసుకోమని యజమాని రెండుసార్లు అడిగితే, “ఇంట్లో అత్తయ్య కాలు…” అని మధ్యలోనే ఆపేసింది. తీర్చినకొద్దీ తప్పు పెరుగుతోందే గానీ తరగడం లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆ సినిమా అంటే ఇప్పటికీ ఇష్టం.

“ఎప్పుడు చూశావు? ఎవరితో?” పిట్ట కలం పట్టుకుని సిద్ధంగా ఉంది. దాని పుస్తకంలో ఆమె పేరు కింద ఒకే ఒక్క వాక్యం. రేపు క్లాసులో నలభైమంది ముందు అదే చదువుతుంది.

“చెప్పవోయ్, మేమూ వింటాం. హీరో ఎవరు?” అన్నాడు భర్త.

“ఒక్కదాన్నే చూశాను. అత్తయ్య పడ్డ రోజున.”

అత్తగారు సోఫాలో కదిలి కూర్చుంది. భర్త నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

“సరుకు సరిచూస్తున్నామన్నావుగా?”

“అబద్ధం చెప్పాను.”

“మా అమ్మ అక్కడ తడినేల మీద పడి కొట్టుకుంటుంటే, నువ్వు హాల్లో కూర్చుని సినిమా చూస్తున్నావా! ఆరేళ్ళు నోరు మెదపకుండా ఎలా ఉన్నావసలు? మనిషివేనా?”

ఆమె తల దించుకుంది. ఆయన అన్నదాంట్లో ఆమె తనని తాను అనుకోని మాట ఒక్కటీ లేదు.

అత్తగారు నెమ్మదిగా అంది. “నీకోసమే పిలిచానమ్మాయ్. నువ్వు పనికెళ్ళావని తెలుసు, వాడు ఇంట్లో ఉన్నాడనీ తెలుసు. అయినా నోటికి నువ్వే వచ్చావు. అమ్మాయీ, అమ్మాయీ అని మూడుసార్లు…”

“మూడు కాదమ్మా, నాలుగు” అన్నాడు భర్త.

పిట్ట కలం ఆపి తండ్రి వైపు తిరిగింది.

“నీకెలా తెలుసు నాన్నా?” అంది పిట్ట.

“అంటే… మామూలుగా పిలిచినట్టే పిలిచింది. కేక కాదు. మీ అమ్మనే కదా, అది చూసుకుంటుందిలే అనుకున్నా.”

“అమ్మ ఇంట్లో లేదుగా?”

“తట్టలేదే! ఓడ మునిగే సీను నడుస్తోంది. పడిందని నాకేమన్నా తెలుసా? ‘ఒరేయ్’ అని ఉంటే లేచేవాణ్ణి కాదూ?” అంటూ తల్లి వైపు చూశాడు. ఆవిడ కొడుకుని చూడకుండా ఒళ్ళో చేతులు చూసుకుంటోంది.

ఇలాంటి మాట వింటే కొండంత భారం దిగిపోవాలి. ఏమీ దిగలేదు. ఆ గంట ఆ గంటలాగే ఉంది, తడినేల తడినేలలాగే ఉంది. ఫోను మోగకుండా పెట్టింది తనే, అబద్ధమాడిందీ తనే. కాకపోతే ఇన్నేళ్ళూ ఆ తప్పనే గదిలో ఒక్కదాన్నే నిలబడి ఉన్నాననుకుంది. పక్కనే ఇంకో మనిషి హాయిగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడని ఇప్పుడు కనపడింది.

కూతురి పక్కన నేలమీద కూర్చుంది.

“అది కొట్టెయ్. నాది రాసుకో.”

“ఆ రోజు సంగతి కూడా రాయనా?”

“రాయి. అమ్మకి నచ్చిన సినిమా, నాన్నమ్మ పడ్డ రోజు చూసింది, దాని గురించి అబద్ధం చెప్పింది అని రాయి. ఆ తరవాత, ఒకావిడ బస్సు నడుపుతుంది అని మొదలుపెట్టు.”

“చాల్లే, బళ్ళో పరువు తీస్తావా?” అన్నాడు భర్త. పిట్ట పాత వాక్యం మీద గీత గీసి, కొత్త పేజీ తిప్పింది.

కథ బస్సు వెనకసీటు దాకా వచ్చేసరికి అత్తగారు కదిలింది. ఎప్పట్లాగే లేవడానికి చెయ్యి చాపింది.

“అమ్మాయ్…”

ఆమె మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. అరచేతులు నేలకి ఆనించి అదిమిపెట్టుకుంది. భర్త ఆమె వైపు చూస్తున్నాడు, లేస్తుందిలే అన్నట్టు. చాపిన చెయ్యి గాల్లోనే ఉంది.

“మీ అబ్బాయి ఉన్నారుగా అత్తయ్యా” అంది.

ఎంతకీ భర్త కుర్చీ జరిగిన చప్పుడు వినపడలేదు. తప్పు చేస్తున్నట్టే అనిపించింది. అయినా లేవలేదు.