మూగ చూపు

గడియారాల రిపేరు దుకాణం పై గదిలో ఆ ఆదివారం పదకొండు మంది కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా టీవీలో సాగుతున్న ‘నక్షత్ర సంచారి’ అభిమానుల సంఘం అది. ఆ కథలో సంచారి లోకాలు తిరుగుతుంటాడు. చావు మీదికొచ్చినప్పుడల్లా కొత్త దేహం తొడుక్కుంటాడు. అందుకే నటుడు మారినా కథ ఆగదు. ఇప్పటికి అయిదుగురు మారారు. ఈ ఆరోవాడు, దుకాణం యజమానీ సంఘానికి పెద్దా అయిన మాస్టారికి స్వయానా మేనల్లుడు.

సంఘానికో పద్ధతి ఉంది. కొత్త నటుడి మొదటి భాగాన్ని రికార్డు చేసి, ముందు శబ్దం తీసేసి చూడాలి. మొదటి ఏడాది ఈ గదిలో టీవీ స్పీకరు పోయి అలాగే చూడాల్సి వచ్చింది. మాటలు లేకపోతేనే మనిషి బయటపడతాడని అప్పుడు మాస్టారు అన్నది అందరికీ నచ్చి, అదే ఆచారమై కూర్చుంది. చూశాక ఎవరూ నోరు విప్పకూడదు. పదికి ఇన్ని మార్కులనీ, కనపడిన గుణమో లోపమో ఒకటీ చీటీ మీద రాసి పెట్టెలో వేయాలి. ఆ తర్వాతే శబ్దం పెట్టి రెండోసారి చూడడం. వేసిన చీటీ వెనక్కి తీయడమంటూ లేదు. ఆ మార్కుల జాబితా వారపత్రికలో పేర్లతో సహా అచ్చవుతుంది. నిర్మాతలూ చదువుతారు.

కుర్రాడికి ఒప్పందం ఆరు భాగాలకే. ఆపైన ఉంచేదీ తీసేదీ జనం మాటను బట్టేనని మాస్టారి చెల్లెలు ఫోనులో చెప్పింది. పన్నెండేళ్లు చిన్నాచితకా వేషాలతో నెట్టుకొచ్చి, ముప్ఫై నాలుగో ఏట వాడికి దొరికిన మొదటి మంచి అవకాశం ఇది. చిన్నప్పుడు బడి వదలగానే మేనమామ దుకాణానికి వచ్చి, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు.

సంఘంలోని బడిపంతులమ్మ ముందే సలహా ఇచ్చింది. “ఈసారికి మీరు చీటీ వేయకండి మాస్టారూ. ఎక్కువేస్తే మేనల్లుడు కదా అంటారు. తక్కువేసినా మేనల్లుడు కదా అనే అంటారు.”

“నా చేతికి బంధుత్వాలు తెలీవమ్మా” అన్నాడు మాస్టారు.

ఆ పొద్దున పూజలో కూర్చుని, తనను పక్షపాతంలో పడకుండా కాపాడమని దేవుణ్ణి వేడుకున్నాడు. కుర్రాడి గురించి ఏమీ అడగలేదు.

తెర మీద సంచారి కొత్త దేహంలో కళ్లు తెరిచాడు. కూలిన ఓడలోంచి ఆగిపోయిన యంత్రం ముక్క ఒకటి తీశాడు. ముక్కు దాకా ఎత్తి, దాని మీద మెల్లగా ఊదాడు. ఎడమ కన్ను మూసి, తల కుడి భుజం మీదికి వాల్చి, పై పెదవి కొరుకుతూ చూశాడు. పక్క కుర్చీలోని కంపౌండరు ముక్కులోంచి నవ్వాడు. ఆ నవ్వుకు మాస్టారి చెవులు వేడెక్కాయి. అక్కడితో అయిపోతే బాగుండేది. ఏ చిక్కొచ్చినా వాడు ఆ కన్నే మూస్తున్నాడు, ఆ తలే వాలుస్తున్నాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు కిసుక్కుమంటున్నారు. పదిమందిలో పరువు తీశాడు వీడు అనుకున్నాడు మాస్టారు. చీటీ మీద గట్టిగా నొక్కి రాశాడు: “మూడు. ఆ కన్ను మూయడం అరువు చేష్ట. మనిషి కనపడలేదు.”

ఆ గదిలో ఇంతవరకు ఏ నటుడికీ మూడు పడలేదు.

తర్వాత శబ్దం పెట్టారు. ఓడలో ఒక అమ్మాయి సంచారిని అడిగింది. “ఎందుకు ఆ కన్ను మూస్తావు?”

“నన్ను పెంచినాయన ఇలాగే చూసేవాడు” అన్నాడు సంచారి. “పాడైందని ఆయన ఏదీ పారేసేవాడు కాదు.”

గదిలో అందరూ మాస్టారి వైపు తిరిగారు. కంపౌండరు ఆయన మోకాలు తట్టాడు. “అచ్చం దింపేశాడండీ మిమ్మల్ని. నేనైతే నవ్వాపుకోలేకపోయాను.”

మాస్టారి పనిబల్ల గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడ అద్దం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన పని చేస్తుంటే ఎలా ఉంటాడో ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

పెట్టె విప్పితే ఎనిమిదులూ తొమ్మిదులూ వచ్చాయి. మధ్యలో ఆ మూడు. పంతులమ్మ దాన్ని మడిచి ఆయన చేతిలో పెట్టబోయింది, చించేయమని, ఇక్కడెవరూ అడగరని. మాస్టారు చేయి చాపలేదు. పోయినసారి దర్జీ తన చీటీ మార్చుకుంటానంటే ససేమిరా కూడదన్నది తనే. నియమం అందరికీ ఒకటేనని ఇప్పుడూ అన్నాడు. అది నిజాయితీయో, పదిమంది ముందు తగ్గలేకపోవడమో ఆ క్షణాన ఆయనకే తెలియలేదు. అడిగితే దేవుడైనా ఏమని చెప్పేవాడో.

వారపత్రిక మిగతా పది మార్కుల్నీ చిన్న అక్షరాల్లో వేసి, “సొంత మేనమామే మూడు వేశాడు” అని పైన పెద్దగా అచ్చేసింది.

రెండు రోజులు తటపటాయించి మాస్టారు ఫోను చేశాడు. కుర్రాడి గొంతులో కోపం లేదు. దానికే ఆయనకు భయం వేసింది.

“నువ్వు రాసింది చదివాను మామయ్యా. డైరెక్టరు గారు కూడా చూశారు. ఆ చేష్ట తీసేశాం.”

“అది కాదురా. నేను మాటలు లేకుండా చూసి రాశాను. తర్వాత విన్నాను.”

“మాటలు లేకపోతేనే మనిషి బయటపడతాడని నువ్వే కదా అనేవాడివి” అన్నాడు వాడు. వెంటనే, షాట్‌కు పిలుస్తున్నారని పెట్టేశాడు.

నాలుగో భాగం నుంచి సంచారి రెండు కళ్లూ తెరిచి చూడడం మొదలుపెట్టాడు. చక్కగానే ఉన్నాడు, అందరిలాగే. ఆరో భాగం అయ్యాక ఒప్పందం రెండేళ్లకు పొడిగించారు. చెల్లెలు ఏడ్చి సంతోషపడింది. మీ మూడు మార్కులే వాణ్ణి దారిలో పెట్టాయని సంఘంలో మాస్టారికి శాలువా కప్పారు. ఆయన తల వంచుకుని కప్పించుకున్నాడు.

ఇప్పుడు ప్రతి షూటింగుకూ ముందు మేనల్లుడే ఫోను చేస్తాడు. క్షేమం అడుగుతాడు. చివర్లో, ఇంకేమైనా తీసేయాలా మామయ్యా అని వినయంగా అడుగుతాడు.